ఎవరిదీ కాని కుదుపు

పోయిన వారం కోడల్ని సంస్థ మెట్ల మీద, చల్లారిపోయిన టీ కప్పుతో వదిలేసి వచ్చాం. ఎదురుగా పంపులాయన. గాలి లాగేసే పంపులన్నీ ఆయన చేతి కింద ఉంటాయి కాబట్టి ఆ పేరు. ఆయన పిచ్చాపాటీ మాట్లాడుతూ మాట్లాడుతూ, "ఆ వారం తోపు తీగ అసలు లేదు కదమ్మా. అతుకు ఊడిందని నేనే విప్పి మరమ్మతుకి పట్టుకెళ్ళా. పై వారం మళ్ళీ బిగించాం" అనేసి తన దారిన తను వెళ్ళిపోయాడు. తను ఏమన్నాడో ఆయనకి తెలియదు. కోడలికి మాత్రం కాళ్ళ కింద నేల కదిలినట్టయింది.

ఇవాళే మొదటిసారి చదువుతున్నవాళ్ళు ఉంటారు, వాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్దాం. మిగతావాళ్ళు ఓపిక పట్టాలి. ఈ సంస్థ ఆకాశంలోకి మూడు నౌకలు పంపబోతోంది. అవి ఒకదానికొకటి లక్షల కిలోమీటర్ల దూరంలో, భూమి వెనకాలే సూర్యుడి చుట్టూ తిరుగుతాయి. ఒక్కో నౌక కడుపులో దేన్నీ తాకకుండా తేలే, బంగారు పూత వేసిన దిమ్మలుంటాయి. ఒక నౌకలో దిమ్మకీ మరో నౌకలో దిమ్మకీ మధ్య దూరాన్ని లేజరు కొలుస్తూ ఉంటుంది. ఎక్కడో రెండు పెద్ద కృష్ణబిలాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతే పుట్టే గురుత్వ తరంగం మన దాకా వచ్చేసరికి ఆ దూరాన్ని అణువంత కూడా మార్చదు. అంత చిన్న కదలిక పట్టుకోవాలంటే దిమ్మ తనంతట తాను కదలకూడదు. అది ఎంత నిమ్మళంగా ఉంటుందో పైకి పంపకముందే, కిందే, నేలమాళిగలో కొలుస్తారు. ఆ కొలతతో గీసేదే సున్నితత్వపు గీత. గీత ఎంత కిందికి ఉంటే యంత్రానికి చెవి అంత చురుకన్నమాట. ఇంతకంటే పైకి లేవకూడదని ఒక హద్దు ఉంది. గీసే పని మన కోడలిది.

ఆమెకి పేరు లేక కాదు. ఆ పేరు జీతాలిచ్చే విభాగానికి తప్ప ఎవరికీ పట్టదు. నేలమాళిగలో అలాంటి దిమ్మనే ఒకదాన్ని వెంట్రుక కన్నా సన్నని తీగకి వేలాడదీసి, ఆ గదిని సామ్రాజ్యంలా ఏలుతున్నావిడ ఆమెకి అత్తగారు. అందుకని డైరెక్టరు నుంచి కాపలావాడి దాకా అందరికీ ఈమె కోడలే. అత్తగారిని ఎదురుగా మేడమ్ అంటారు, తీగకి వేలాడే ఆ త్రాసుని బట్టి వెనకాల త్రాసమ్మ అంటారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

త్రాసమ్మ పెట్టిన ఆనవాయితీ ఒకటుంది. అప్పుడప్పుడు, ఎవరికీ చెప్పకుండా, దిమ్మ పక్కనున్న రేకుకి తోపు తీగ గుండా చిటికెడు విద్యుత్తు ఇచ్చి దాన్ని కొంచెం తోస్తుంది. పైన లెక్కలు చూసేవాళ్ళు మెలకువగా ఉన్నారా, కునికిపాట్లు పడుతున్నారా తేల్చడానికన్నమాట. దానికి దొంగతోపు అని పేరు. ఎవరికి కుదుపు కనబడినా కిందికి దిగి, ఆవిడ తలుపు దగ్గర నిలబడి, "ఇది మీదేనా?" అని అడగాలి. "నాదే" అంటే ఆ ముక్క కత్తిరించి అవతల పెట్టి, మిగిలినదాంతో గీత గీస్తారు. "కాదు" అంటే అది దిమ్మ సొంత కుదుపు. ఎందుకొచ్చిందో తేలేదాకా ఎవరికీ నిద్ర ఉండదు. ఈ తోపుల గురించి ఎక్కడా రాసిపెట్టరు. వెనకెప్పుడో ఒక తెలివైనవాడు కంప్యూటర్లో తొంగి చూసి అన్నీ తనే కనిపెట్టినట్టు ఫోజు కొట్టాడు. అప్పటి నుంచి యంత్రంలో కూడా ఆనవాలు మిగలకుండా చేయించింది. "నా బుర్ర ఉందిగా, చాలదూ?" అంది. చాలదని అనే ధైర్యం ఎవరికుంది? ఎప్పుడో పాతికేళ్ళ నాటి అంకెలు కూడా ఆవిడ నాలుక చివర ఉండేవి.

ఇప్పుడు చిక్కంతా ఇదే. తోపు తీగ ఊడదీసి ఉన్న ఆ వారంలో ఒక పెద్ద కుదుపు వచ్చింది. కోడలే వెళ్ళి అడిగింది. ఆవిడ "నాదే" అంది. తీగే లేనప్పుడు ఆవిడ దేంతో తోసినట్టు?

కోడలు టీ కప్పు మెట్టు మీదే పెట్టేసి మరమ్మతు గదికి పరుగెత్తింది. అతుకు వేసినతను కూడా అదే వారం చెప్పాడు. అక్కడి నుంచి తన గదికొచ్చి తలుపు గడియ పెట్టుకుంది. కత్తిరించిన ఆ ముక్కని తెచ్చి మళ్ళీ అతికించి గీత గీసింది. గీత కాస్త ఉబ్బింది, హద్దు దాటలేదు. హమ్మయ్య అనుకుని అక్కడితో ఆగిపోతే ఎంత బాగుండేదో. ఆగలేకపోయింది. ఈ ఏడాదిలో "నాదే" అన్న ముక్కలన్నిటినీ ఒక్కొక్కటిగా వెనక్కి తెచ్చి కలిపింది. చూస్తుండగానే గీత ఎడమ కొస లేచి, హద్దు దాటి, పైకి పోయింది. ఎడమ వైపంటే నెమ్మదిగా సాగే తరంగాలుండే చోటు. ఆ పెద్ద కృష్ణబిలాల చప్పుడు వినబడాల్సింది అక్కడే. దాని కోసమే ఇన్నేళ్ళ శ్రమ, ఇంతమంది ఉద్యోగాలు, ఈ మూడు నౌకలూ.

నౌకలు మూతలు వేసి సిద్ధంగా ఉన్నాయి. రేపు ఆఖరి సమావేశం. అది అయిపోతే ప్రయోగ స్థలానికి బయల్దేరతాయి. ఆ తర్వాత ఆ దిమ్మల మీద మనిషి చేయి పడదు.

అత్తగారు ఆ రోజు సెలవులో ఉంది. కోడలు మధ్యాహ్నమే సంచి భుజాన వేసుకుని ఇంటికి బయల్దేరింది. బస్సులో కూర్చున్నంతసేపూ ఒకటే ప్రార్థన, ఆవిడ తన మీద విరుచుకుపడి, పది తిట్లు తిట్టి, తీగ లేకుండా ఎలా తోసిందో చెప్పి తన మొహాన కొట్టాలని.

ఇంట్లో అత్తగారు వంటింటి బల్ల ముందు కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. కళ్ళజోడు ముక్కు మీదికి జారి ఉంది.

"ఏమిటి, అప్పుడే ఊడిపడ్డావు? ఆఫీసు గానీ తగలబడిందా?"

"అత్తయ్యా, ఒకటి అడగాలి."

"అడుగు. చేతులు ఖాళీ లేవు గానీ చెవులు ఖాళీగానే ఉన్నాయి."

కోడలు సంచి దించలేదు. కుర్చీ లాక్కోలేదు. "వానలు మొదలైనప్పుడు ఒక పెద్ద కుదుపు వచ్చింది. నేనే కిందికొచ్చి అడిగాను. మీదే అన్నారు."

"అన్నానంటే నాదే."

"ఆ వారం తోపు తీగ లేదట. పంపులాయన విప్పి పట్టుకెళ్ళాడట."

అత్తగారి చేతిలో కాయ చిట్లింది. ఆవిడ తలెత్తలేదు.

"పంపులాయనకి వారాలు కూడా తెలుస్తున్నాయా? సొంత పెళ్ళిరోజు మర్చిపోతే మొన్న వాళ్ళావిడ గడప తొక్కనివ్వలేదు. ఆ పెద్దమనిషి మాట పట్టుకుని నా మీదికొచ్చావా?"

"మరమ్మతు గదిలో కూడా కనుక్కున్నాను."

"ఓహో! దర్యాప్తు కూడా అయిపోయిందన్నమాట. సాక్షులు తయారు. అత్తని బోనెక్కించడమే తరువాయి." ఇప్పుడు తలెత్తింది. చూపు నిప్పులు చెరుగుతోంది. "ఆ కుర్చీ నీకెలా వచ్చిందో మర్చిపోయినట్టున్నావు. ముసల్ది కోడలికి కట్టబెట్టిందని ఆ లేజరాయన ఊరంతా దండోరా వేస్తే, అతని నోరు ఎవరు మూయించారు? నీ గీత మీద నీకే నమ్మకం లేనప్పుడు పక్కన కూర్చుని ఒక్కొక్క లెక్కా ఎవరు సరిచూశారు? ఇవాళ నాకే లెక్కలు చెప్పొచ్చావు!"

అన్నీ నిజాలే. ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో అందరూ కోడల్ని ఈవిడ పేరు చెప్పి భయపెట్టారు. తీరా చూస్తే ఈవిడే తనకి పని నేర్పింది. కన్నతల్లి కూడా అంత ఓపికగా నేర్పి ఉండదు. అలాంటి మనిషి ముందు ఇలా నిలబడాల్సి వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా వెనక్కి తగ్గలేదు.

"సరే, నాకు చెప్పకండి. ఈ నెలలో మీరు ఎప్పుడెప్పుడు తోశారో మీలో మీరే చెప్పుకోండి. మనసులోనే. నేను ఒక్క మాట కూడా అడగను. చెప్పుకున్నాక 'వెళ్ళు' అనండి, నోరు మూసుకుని వెళ్ళిపోతాను."

"ఇదేం పంతులమ్మ వేషాలే?" అంది గానీ ఆవిడ కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. కాసేపు కదిలి, ఆగి, మళ్ళీ మొదటికొచ్చినట్టు కదిలాయి. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. కోడలు ఆ చేతుల వంక చూసి అప్పుడు గమనించింది. బఠాణీలు చెత్తబుట్టలోకి పోతున్నాయి. గిన్నె నిండా తొక్కలే ఉన్నాయి.

వీధిలో ఎవరో గేటు వేసుకుని వెళ్ళారు. కోడలు ఆవిడ చేతిలోంచి కాయని మెల్లగా తీసేసింది.

"లేవు" అంది అత్తగారు, కళ్ళు తెరవకుండానే.

"ఏమిటత్తయ్యా?"

"లేవే. వెతుకుతుంటే ఒక్కటీ లేదు. అలమార తలుపు తీస్తే లోపల గోడ కనబడినట్టుంది."

కోడలు కుర్చీ లాక్కుని కూలబడింది. సంచి భుజం మీదే ఉండిపోయింది. "ఎప్పటి నుంచి?"

"అది గుర్తుంటే ఇంకేం?"

ఇద్దరికీ నవ్వొచ్చినంత పనైంది. ఒకరి మొహం ఒకరు చూసుకుని ఆ నవ్వుని అక్కడే నొక్కేశారు.

"డాక్టరు దగ్గరికి వెళ్ళకపోయారా?"

"వెళ్ళాను. రెండోసారి వెళ్ళినప్పుడు ఆయనే చెప్పాడు, 'మీరు ఇంతకుముందొకసారి వచ్చారమ్మా' అని. మొదటిసారి వెళ్ళినట్టు నాకు తెలియదు." అత్తగారు కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. "ఏ జబ్బని అడగకు. నువ్వేమనుకుంటున్నావో అదే. ముదిరేది, తగ్గనిది."

"మీ అబ్బాయికి తెలుసా?"

"వాడు పళ్ళ డాక్టరు. నోరు తెరిస్తే గానీ వాడికి ఏదీ కనబడదు. నేను నోరు తెరవలేదు."

కోడలికి గుండెల్లో ఒక పక్క జాలి సుడి తిరుగుతోంది. ఆ చేతులు పట్టుకుని ఏడవాలని ఉంది. ఇంకో పక్క గీత ఎడమ కొస కళ్ళ ముందు నుంచి కదలడం లేదు. ఏది ముందు అడగాలో తెలియక, అడగకూడనిదే అడిగింది.

"మరి మేమొచ్చి అడిగినప్పుడల్లా మీదో కాదో ఎలా చెప్పేవారు?"

అత్తగారు గిన్నెలోంచి ఒక తొక్క తీసి అటూ ఇటూ తిప్పింది.

"మొహాలు చూసి."

"అంటే?"

"అంటే ఏముంది. మీరొచ్చి నా తలుపు దగ్గర నిలబడతారు కదా. కాదంటుందేమో, మళ్ళీ వారాల తరబడి తవ్వుకోవాలేమోనని బిక్కుబిక్కుమంటూ కొందరొస్తారు. వాళ్ళకి అవునంటే ప్రాణం లేచొచ్చేది. అవునన్నాను. ఇంకొందరు ఏదో నిధి దొరికినట్టు సంబరపడుతూ వస్తారు. వాళ్ళకి కాదంటే పండగ. కాదన్నాను. నేను మర్చిపోయానని ఎవడూ అనుకోకూడదు, అంతే నాక్కావలసింది. అందరూ సంతోషంగానే వెళ్ళారు."

"అత్తయ్యా!"

"ఎక్కువసార్లు వచ్చింది నువ్వే."

అత్తగారి గొంతులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. ఉన్నమాట అన్నట్టే అంది. "నీ మొహం చదవడానికి నాకు క్షణం పట్టదు. పొద్దున లేస్తే చూసే మొహమే కదా. నువ్వు ఒక్కసారి కూడా 'కాదు' కోసం రాలేదు."

కాదని కోడలు ఎలా అంటుంది? ఆ మెట్లు దిగుతున్నంతసేపూ తనేం కోరుకునేదో తనకి తెలియదా? గీత చక్కగా, నున్నగా, హద్దుకి అంత కిందుగా వస్తోంది. డైరెక్టరు దాన్ని పెద్ద పటం చేయించి గోడకి పెట్టించాడు. విదేశాల నుంచి వచ్చినవాళ్ళు దాని ముందు నిలబడి ఫోటోలు దిగారు. ఈ కుదుపు ఒక్కటీ ఈవిడదైపోతే చాలు, ఈ ఒక్కటీ అయిపోతే చాలు అనుకుంటూనే ఏడాదంతా ఆ మెట్లు దిగింది. యంత్రం ఎంత సున్నితమైనదో కొలుస్తున్నానని అనుకుంది గానీ, తన ఆశనే కొలిచి, దాన్నే గోడకి పెట్టించింది.

"అన్నీ కలిపి గీసే ఉంటావు" అంది అత్తగారు. గొంతు మారింది. నేలమాళిగలో వినిపించే గొంతు అది. "ఎంత లేచింది?"

"హద్దు దాటింది. నెమ్మది వైపు."

"నెమ్మది వైపేనా? వేగం వైపు కదల్లేదా?"

"లేదు."

"అయితే పూత." ఆవిడ చూపుడువేలితో బల్ల మీద ఒక్కసారి కొట్టింది. "బంగారు పూత కింద గాలి చిక్కుకుంది. ఉండుండి బయటికి తన్నుతోంది. తన్నినప్పుడల్లా దిమ్మ కదులుతుంది. నాకు మొదటి కుదుపుకే ఆ అనుమానం రావాల్సింది." కాస్త ఆగింది. "వచ్చిందేమో కూడా."

"పైకి వెళ్ళే దిమ్మలకీ అదే పూత కదా?"

"అదే పూత. ఒకే పొయ్యిలో, ఒకే విడతలో వేశారు. నేనే దగ్గరుండి చేయించాను. అది మాత్రం బాగా గుర్తుంది."

ఆవిడ బుర్రలో భౌతికశాస్త్రం ఎక్కడికీ పోలేదు, చెక్కు చెదరలేదు. పోతున్నది మనిషి. అది అర్థమయ్యాక కోడలు ఇక ఆపుకోలేకపోయింది. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చేసింది. అత్తగారు చెత్తబుట్ట దగ్గరికి లాక్కుని, అందులోంచి బఠాణీలు ఏరడం మొదలుపెట్టింది.

"ఏడుపు చాలించు. రేపు తీగ సంగతి నువ్వు చెప్పు. అది పని సంగతి, నువ్వే చెప్పాలి. మిగతాది నాకొదిలెయ్. డైరెక్టరు నన్ను అడుగుతాడు. నాకు మతిమరుపు వచ్చిందని, నేను నాదన్నవి ఏవీ నమ్మొద్దని నేనే చెప్తాను. నీ నోటి నుంచి వచ్చిందనుకో, కోడలు అత్తని పిచ్చిదంటోందని చెప్పుకుంటారు. ఆ లేజరాయనకి ఇంకేం కావాలి?"

"మీకు..." కోడలు మాట పూర్తి చేయలేదు.

"గుర్తుంటుందా అనేగా? ఉంటుంది. పొద్దున నువ్వొకసారి గుర్తుచెయ్యి, సరిపోతుంది."

పొద్దున కోడలు గుర్తుచేసింది. అత్తగారు జడ వేసుకుంటూ, "తెలుసులేవే, చెవిలో జోరీగలా" అని విసుక్కుంది. ఇద్దరూ ఒకే కారులో వెళ్ళారు. కోడలికి నిన్నటి నుంచి మొదటిసారి ఊపిరి ఆడినట్టుంది. పని పోతుంది, పరువు పోతుంది, అన్నీ పోతాయి. కానీ అబద్ధం మోసుకుంటూ బతకక్కర్లేదు.

సమావేశం గది నిండిపోయింది. కుర్చీలు చాలక కొందరు గోడకి ఆనుకున్నారు. ఈ సమావేశానికి ఒక పద్ధతుంది. డైరెక్టరు ఒక్కొక్క విభాగాన్నీ పేరు పెట్టి పిలుస్తాడు. ఆ విభాగం పెద్ద లేచి "సిద్ధం" అనాలి. అంతకు మించి ఉపన్యాసాలు ఉండవు. ఒక్కరు కాదన్నా నౌకలు కదలవు. కదలకపోతే ప్రయోగానికి కేటాయించిన తేదీ పోతుంది. తేదీ పోతే ప్రాజెక్టే పోతుంది, ఎందుకంటే డబ్బిచ్చే పైవాళ్ళు దీన్ని ఎత్తేయడానికి సాకు కోసమే చూస్తున్నారు. ఆ గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఆ సంగతి తెలుసు. డైరెక్టరు జుట్టంతా ఆ పైవాళ్ళ గుమ్మాల ముందు పడిగాపులు పడే నెరిసింది.

పిలుపులు మొదలవకముందే కోడలు లేచింది. తీగ సంగతి చెప్పింది. మాట తడబడలేదు. గదిలో గుసగుసలు బయల్దేరాయి. లేజరాయన పెన్ను బల్ల మీద పడేసి, "ఇప్పుడా చెప్పేది?" అన్నాడు.

డైరెక్టరు చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. "మేడమ్, ఏమిటి సంగతి? ఆ కుదుపు మీది కాదా?"

త్రాసమ్మ లేచి నిలబడింది. నిండుగా, నిటారుగా ఉంది.

"కాదు. పొరపాటున నాదన్నాను. తీగ తీసిన సంగతి ఆ రోజు నాకెవరూ చెప్పలేదు. వయసు మీద పడుతోంది కదండీ, వారం అటూ ఇటూ అయింది."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు చూసి ఇంకొందరు నవ్వారు. డైరెక్టరు మాత్రం నవ్వలేదు.

"మరి మిగతావి?"

"మిగతావన్నీ నావే. ఒక్కొక్కటీ గుర్తుంది. కావాలంటే అడగండి."

కోడలికి తను విన్నది తన చెవులతోనేనా అనిపించింది. గది మొత్తం ఒక్కసారి ఊపిరి వదిలింది. డైరెక్టరు కోడలి వైపు తిరిగాడు. "ఆ ఒక్క ముక్కా కలిపితే గీత ఎలా వస్తుందమ్మా?"

"ఆ ఒక్కటే అయితే..." నిజం చెప్పక తప్పలేదు. "హద్దు కిందే ఉంటుంది."

"ఇంకేం మరి!" అన్నాడు లేజరాయన. ఆ మాట అందరి మనసులోదే.

కోడలు కూర్చుండిపోయింది. మర్చిపోయింది పాపం, అనుకుంది. ఇంటి దగ్గర గుర్తుచేసినది ఈ గది గుమ్మం దాటేలోపే చెరిగిపోయింది. తన తప్పే, ఇంత బరువు ఆవిడ నెత్తిన పెట్టి ఉండకూడదు. పక్క కుర్చీలోకి అత్తగారు సర్దుకుని కూర్చుంటుంటే బల్ల కింద ఆవిడ చెయ్యి పట్టుకుంది.

అత్తగారు ఆ చేతిని తిరిగి నొక్కింది. పెదాలు కదిలీ కదలనట్టు, ఆమెకొక్కదానికే వినబడేలా అంది. "మర్చిపోయాననుకుంటున్నావు. లేదు. నిన్న మనం మాట్లాడుకున్నదంతా గుర్తుంది నాకు."

కోడలు చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఆ దిమ్మల పెట్టెలు ఇప్పుడు విప్పితే మళ్ళీ మూసేనాటికి నేనుండను. ఉంటాను గానీ, ఏం ఎగిరిందో నాకు తెలియదు. ఎగరనీ. సగం చెవితోనైనా వింటుంది."

"వినదత్తయ్యా. పూత పాడైందని మీరే చెప్పారు కదా."

"చుప్."

డైరెక్టరు పిలుపు మొదలుపెట్టాడు. లేజరు, సిద్ధం. ఇంధనం, సిద్ధం. సంకేతాలు, సిద్ధం. ఒక్కొక్కరూ లేచి కూర్చుంటున్నారు. దిమ్మలు, అన్నాడు. త్రాసమ్మ లేచి, "సిద్ధం" అంది. ఆ గొంతు విని గదిలో సగం మంది మొహాలు వికసించాయి. ఎవరి పిల్లలకి చదువులు, ఎవరి ఇళ్ళకి వాయిదాలు, ఎవరి జీవితకాలపు కలలు. కోడలు ఆ మొహాలన్నీ చూసింది. ఇవే మొహాలు ఏడాదిగా ఆ తలుపు దగ్గర నిలబడ్డాయి, తన మొహంతో సహా.

"సున్నితత్వం?"

అది ఆమె వంతు. లేచింది. బల్ల అంచు పట్టుకుంది. ఈ ఒక్క మాటా అనేస్తే సాయంత్రం అందరూ కలిసి భోజనాలకి వెళ్తారు. అత్తగారి పేరు నౌక మీద చెక్కుతారు. కొన్నేళ్ళ తర్వాత, పైనుంచి ఏమీ వినబడనప్పుడు, ఎవరూ ఎవరినీ నిలదీయరు కూడా.

"సిద్ధం కాదండీ" అంది.

కుర్చీలు కదిలాయి. వెనక నుంచి ఎవరో గట్టిగా ఏదో అన్నారు. లేజరాయన సగం లేచాడు. డైరెక్టరు మొహంలో రంగు పోయింది, అయినా మర్యాద తప్పలేదు. "ఎందుకని?"

"మిగతా కుదుపులు..." ఆగిపోయింది. తర్వాతి మాట గొంతులో ఉంది. మా అత్తయ్యకి గుర్తుండటం లేదు. అంతే, చిన్న మాట. ఇంతమంది ముందు, ఆవిడ పక్కనే కూర్చుని ఉండగా, ఆవిడ నేర్పిన నోటితో చెప్పాలి. "మిగతావి కూడా ఆవిడవి..."

"ఆవిడవి ఏమిటమ్మా? మేడమ్ తనవేనని చెప్పారు కదా. కాదని నీకెలా తెలుసు?"

కోడలు అత్తగారి వైపు చూసింది. అత్తగారు తలెత్తి, కళ్ళజోడు సర్దుకుని, ఆమెని నెత్తి నుంచి పాదాల దాకా తీరిగ్గా చూసింది. ఇంటికొచ్చిన కొత్త మనిషిని చూసినట్టు, దయగానే చూసింది. తర్వాత పక్కనున్న లేజరాయన చొక్కా చెయ్యి పట్టుకుని కొంచెం లాగింది. గదంతా నిశ్శబ్దంగా ఉంది కాబట్టి ఆవిడ మాట ఆ మూల నుంచి ఈ మూలకి వినబడింది.

"ఎవరండీ ఈ అమ్మాయి? పాపం, ఎంతలా వణికిపోతోందో చూడండి. ఎవరైనా కాసిని మంచినీళ్ళివ్వండి."

ఎవరూ లేవలేదు.